కరెంటు ముగిసింది, రోహిణి కార్తె రాబోతోంది

రేడియేషన్ ఆఖరి సిట్టింగు అయిన రోజు అన్నయ్య, తల కదలకుండా ముఖానికి బిగించే తన మాస్కును సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. వలలాంటి తెల్లటి ప్లాస్టిక్, మధ్యలో అచ్చంగా ఆయన ముక్కే. బుగ్గ లోపలి క్యాన్సర్‌కు ఆపరేషన్ చేసి, వారానికి 5 రోజుల చొప్పున 6 వారాలు, మొత్తం 30 సార్లు కరెంటు, అంటే రేడియేషన్, పెట్టారు. గండం గడిచిందని వదిన ఆ పూట పరమాన్నం వండింది. అసలు బాధ తరువాతి పది రోజుల్లో వచ్చింది. యంత్రం ఆగగానే రేడియేషన్ ప్రభావం ఆగదు. నోటిపూత, మింగుతున్నప్పుడు నొప్పి మరో వారం, రెండు వారాలు పెరిగాకే తగ్గుముఖం పడతాయి. గుంటూరులో మార్చి, ఏప్రిల్‌లలో చికిత్స ముగించుకునేవాళ్లకు ఆ రోజులు, ఎండలు, కారం పట్టించే పని, ఆవకాయ కాలం అన్నీ ఒక్కసారే మీద పడతాయి.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. లాలాజలం లేని నోరు అంతవరకూ ఆగదు. లాలాజల గ్రంథులు కిరణాల దారిలో ఉంటాయి కాబట్టి అవి ఎండిపోతాయి. కొందరికి ఏడాది, రెండేళ్లలో కొంత కోలుకుంటాయి, కొందరికి పొడి నోరే మిగులుతుంది. ఆవకాయ కలిపిన రోజు ఇల్లంతా ఆవపిండి ఘాటు. బేసిన్ పక్కన కూర్చుని కాసేపు చూసి, "వాసన తెలుస్తోందిరా, నోరు మాత్రం ఊరడం లేదు" అన్నాడు అన్నయ్య. నోరూరడం అనే మాటను అంతకుముందు నేను ఎన్నడూ పట్టించుకోలేదు.

చేతికి అందేచోట నీళ్ల సీసా ఉండాలి, రాత్రి మంచం పక్కన కూడా. ఒకేసారి గటగటా తాగడం కాదు, పావుగంటకోసారి రెండు గుక్కలు. వేసవి అనగానే అందరూ నిమ్మకాయ నీళ్లు కలిపి ఇస్తారు. పూసిన నోటికి అది నిప్పు. గోలీసోడా, చెరకు రసం కూడా వద్దు. లాలాజలం లేని నోట్లో తీపి, పులుపు పళ్లను త్వరగా తినేస్తాయి. పచ్చిమిర్చి, అల్లం లేని పలుచని మజ్జిగ, పులవని పెరుగు, రాగి జావ, జారుగా ఉడికించిన పెసరపప్పు అన్నం, మెత్తటి గుడ్డు ఇవ్వండి. మన అదృష్టం, తాటిముంజలు దొరికే కాలం ఇదే. పొట్టు తీసి మెదిపి పెడితే అన్నయ్య ఇష్టంగా మింగేవాడు. రుచి తెలియదు కానీ చల్లదనం తెలుస్తుంది కదా.

కారం గురించి విడిగా చెప్పాలి. మిర్చియార్డు ఉన్న ఊరు మాది. కూరలో కారం వేయకపోతే చాలదు, గాలిలోనూ ఉండకూడదు. ఏడాదికి సరిపడా కారం పట్టించేటప్పుడు రోగిని మిల్లు ఛాయలకు పంపకండి. ఇంట్లో ఎండుమిర్చి తాలింపు వేస్తే ఒక్క దగ్గుకే పచ్చిగా ఉన్న గొంతు రేగుతుంది.

పుక్కిలించడానికి లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా చాలు. ఏ రోజుకారోజు కలుపుకొని, మెలకువగా ఉన్నంతసేపూ రెండు మూడు గంటలకోసారి పుక్కిలించి ఉమ్మేయాలి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్‌లు మంటను పెంచుతాయి. నాలుక మీద తెల్లటి పొర కనిపిస్తే పాచి అనుకుని గీకకండి. ఫంగస్ కావచ్చు, దానికి మందు ఉంది.

మెడ మీద కమిలిన చర్మానికి పసుపు, చెమటకాయల పౌడరు, పక్కింటివాళ్లు చెప్పిన నూనెలు వద్దు. గంజి పెట్టిన కాలరు కూడా గీసుకుంటుంది, పాత నూలు చొక్కానే మేలు. గడ్డానికి బ్లేడు బదులు ట్రిమ్మరు వాడాలి. ఎండలో తప్పనిసరిగా వెళ్లాల్సి వస్తే గొడుగు ఉండాలి.

వారానికోసారి బరువు చూడండి. మా ఇంట్లో క్యాలెండరు మీదే రాసేవాళ్లం. ఒక్క వారంలో 2 కిలోలు తగ్గాడు. డాక్టరు ముక్కులోంచి కడుపుకు ఆహారం పంపే గొట్టం వేద్దామంటే వదిన ఏడ్చింది. గొట్టం అంటే ఆఖరి దశ అని మనవాళ్ల భయం. నా అభిప్రాయం అడిగితే, మింగలేని మనిషిని ఎండాకాలంలో మొండిగా గ్లాసుతో తాగించాలని చూడటం కంటే ఆ గొట్టమే నయం. మా వాడికి మూడు వారాల్లో తీసేశారు. అయితే గొట్టం ఉన్నా నేర్పిన మింగే వ్యాయామాలు ఆపకూడదు. నీళ్లు కూడా దిగకపోయినా, మూత్రం చిక్కటి పసుపుగా మారి తగ్గినా, 100.4 డిగ్రీల జ్వరం వచ్చినా, నోట్లోంచి రక్తం కారినా ఫోను చేసి అడిగే పని పెట్టుకోకుండా ఆసుపత్రికి బయలుదేరండి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోను చేయండి.

పుండ్లు మానాక అందరూ మరిచిపోయేది దవడ. అది నెలల తరబడి నెమ్మదిగా బిగుసుకుంటుంది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు ఒకదాని మీద ఒకటి నిలువుగా పెట్టి పళ్ల మధ్యకు వెళ్తున్నాయో లేదో రోజూ చూసుకోవాలి. అన్నయ్యకు మొదట రెండు వేళ్లు కూడా పట్టలేదు. నేర్పిన వ్యాయామం రోజుకు నాలుగైదుసార్లు చేస్తే పండుగల నాటికి మూడో వేలు సగం దూరింది.

గుట్కా, ఖైనీ మానేసినవాళ్లు కూడా పెళ్లి భోజనం తరువాత "ఉత్త వక్కే కదా" అంటారు. పొగాకు లేకపోయినా వక్క క్యాన్సర్ కారకమే. పొగాకు బోర్డు ఉన్న ఊళ్లో ఈ మాట చెబితే నవ్వుతారు, నవ్వనివ్వండి.

ఇక పళ్లు. తీయాల్సినవి ఉంటే రేడియేషన్‌కు రెండు మూడు వారాల ముందే తీయించుకోవాలి. తరువాత ఆ దవడ ఎముకకు రక్తప్రసరణ తగ్గుతుంది. పన్ను పీకిన గుంత మానక ఎముకే చచ్చిపోవచ్చు, ఏళ్లు గడిచినా ఆ ముప్పు పోదు. డాక్టరు రాసిచ్చిన ఫ్లోరైడ్ జెల్ రోజూ వాడాల్సిందే. రెండో ఏడు అన్నయ్య మాకు చెప్పకుండా వీధి చివర పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, ఊగే పన్ను తీయించుకోవడానికి కుర్చీలో కూర్చున్నాడు. అక్కడ పాత జబ్బు గురించి ఎవరూ అడగలేదు, ఈయన చెప్పలేదు. వదిన సమయానికి ఫోను చేయబట్టి లేచి వచ్చాడు. ఇప్పుడు ఆయన పర్సులో ఆధార్ కార్డు వెనక ఒక చీటీ ఉంది: "ఎడమ దవడకు రేడియేషన్ ఇచ్చారు. మా క్యాన్సర్ డాక్టరును అడగకుండా పన్ను తీయవద్దు." కింద వదిన ఫోన్ నంబరు.