ఆయుధాలు మోసుకెళ్ళే షిప్‌ని మధ్య పోర్టులో ఆపించడం ఎలా?

ఎక్కడో యుద్ధం జరుగుతుంటే చూస్తూ కూర్చోలేక ఏదో ఒకటి చేద్దామని దిగేవాళ్ళు చాలామంది ఉన్నారు, మంచిదే, కానీ ఎక్కువమంది ఆన్‌లైన్ పిటిషన్ దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఇంకొందరు షిప్ ఫోటో ఒకటి వాట్సాప్‌లో తిప్పేసి పని అయిపోయింది అనుకుంటారు. వేరే దేశాల్లో ఉన్న మిత్రులతో కలిసి ఈ పని చాలాకాలంగా చేస్తున్నాను, ప్రతిసారీ అందరూ ఒకే దగ్గర పాడుచేస్తున్నారు, అందుకే ఇది రాస్తున్నా.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. ల్యాప్‌టాప్, షిప్ ట్రాకింగ్ సైట్‌లో ఒక అకౌంట్, ఒక ఎక్సెల్ షీట్. స్టాక్‌హోమ్‌లోని సిప్రి సంస్థ 1950 నుంచి ఎవరు ఎవరికి పెద్ద ఆయుధాలు అమ్మారో లెక్క పెట్టి ఫ్రీగా ఇస్తుంది, అది చూడటం నేర్చుకోండి. అమ్మే దేశంలో ఒకరు, దారిలో ఉన్న దేశంలో ఒకరు, కొనే దేశం సంగతి తెలిసినవాళ్ళు ఒకరు ఉండాలి. దారిలో ఉన్న దేశంలో ఒక లాయర్ కూడా.

తర్వాత ఏ దేశంలో పట్టుకోవాలో తేల్చుకోవాలి. నా లెక్కలో ఎప్పుడైనా సరే మధ్య దేశమే. అమ్మే దేశానికి డబ్బు కావాలి, కొనే దేశానికి ఆయుధం కావాలి, మధ్యలో ఉన్న దేశానికి వచ్చేది పోర్టు ఫీజు మాత్రమే, దానికోసం చెడ్డపేరు ఎందుకు అని ఆలోచించేది అదొక్కటే. అమ్మే దేశంలో కోర్టుకి వెళ్ళడం తప్పని అనను, కానీ బ్రిటన్ చూడండి, 1974 నుంచి పనిచేస్తున్న క్యాంపెయిన్ అగైనెస్ట్ ఆర్మ్స్ ట్రేడ్ అనే సంస్థ వాళ్ళు సౌదీకి ఆయుధాల అమ్మకం మీద ఏళ్ళ తరబడి పోరాడి 2019 జూన్ 20న అప్పీల్ కోర్టులో గెలిచారు, 2020 జూలైలో ప్రభుత్వం మళ్ళీ లైసెన్సులు ఇవ్వడం మొదలెట్టేసింది, 2023లో హైకోర్టు కూడా ప్రభుత్వం వైపే తీర్పిచ్చింది. ఈలోపు యెమెన్ మీద సౌదీ బాంబులు ఏళ్ళ తరబడి పడ్డాయి.

మన దగ్గర కూడా అంతే. ఇజ్రాయెల్‌కి ఆయుధాల ఎగుమతి ఆపమని వేసిన పిటిషన్‌ని 2024 సెప్టెంబర్ 9న సుప్రీంకోర్టు కొట్టేసింది, విదేశాంగ విధానంలో మేము తలదూర్చలేమని చెప్పింది. చెన్నై నుంచి ఇజ్రాయెల్‌లోని హైఫాకి 27 టన్నుల పేలుడు పదార్థాలతో బయల్దేరిన మరియాన్నె డానికా అనే షిప్‌ని మాత్రం అదే ఏడాది మే నెలలో స్పెయిన్ తన కార్టహేనా పోర్టులోకి రానివ్వలేదు. తేడా అర్థమైంది కదా.

ఇక అసలు పని. దయచేసి ఇది మాత్రం హడావుడిగా చదవొద్దు.

మీ చేతిలో కాగితం ఉండాలి. ఏ సరుకు, ఎవరి నుంచి ఎవరికి, ఏ షిప్‌లో, ఈ మూడూ ఒకే కాగితం మీద ఉండాలి లేదా ఒకదానికొకటి అతికే రెండు మూడు కాగితాల్లో ఉండాలి. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఎక్కించుకున్నట్టు షిప్పింగ్ కంపెనీ ఇచ్చే రసీదు), ప్యాకింగ్ లిస్టు, ఇన్వాయిస్ లాంటివి. ఇవి లేకుండా పోర్టు యూనియన్ దగ్గరికి వెళ్ళొద్దు, ప్రెస్‌కి చెప్పొద్దు, ట్వీట్ అస్సలు పెట్టొద్దు.

2008 ఏప్రిల్‌లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పని జరిగింది కాగితంతోనే. ఆన్ యూ జియాంగ్ అనే చైనా షిప్ జింబాబ్వేకి 77 టన్నుల ఆయుధాలు తీసుకొచ్చింది, అందులో 30 లక్షల తూటాలు, 1,500 రాకెట్ గ్రెనేడ్లు ఉన్నాయి. జింబాబ్వేలో అప్పుడే ఎలక్షన్ అయి ఫలితాలు తొక్కిపెట్టి జనాన్ని కొడుతున్నారు. జింబాబ్వేకి సముద్రం లేదు కాబట్టి పక్క దేశం పోర్టులో దిగాల్సిందే. ఆ షిప్ కాగితాలు ఒక పత్రిక చేతికి వచ్చాయి, అంకెలతో సహా బయటపడ్డాయి. అప్పుడు డర్బన్ పోర్టు కార్మికుల యూనియన్ సటావు మేము దించం అంది, అదే కాగితాలతో అక్కడి బిషప్ రూబిన్ ఫిలిప్, సదరన్ ఆఫ్రికా లిటిగేషన్ సెంటర్ లాయర్లు కోర్టుకెళ్ళారు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం అప్పటికే రవాణాకి పర్మిట్ ఇచ్చేసింది, అయినా ఏప్రిల్ 18న కోర్టు సరుకు కదలకూడదని ఆర్డర్ ఇచ్చింది, షిప్ లంగరు ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ కాగితాలే లేకపోతే జడ్జి ముందు ఏం పెట్టేవాళ్ళు? అనుమానంగా ఉంది సార్ అని చెప్పేవాళ్ళా?

మనవాళ్ళు పొరబడే చోట్లు కొన్ని చెప్తాను. ట్రాకింగ్ సైట్‌లో "గమ్యం" అని కనిపించేది షిప్‌లో సిబ్బంది చేత్తో టైప్ చేసింది, అది సాక్ష్యం కాదు, పాతది మార్చకుండా కూడా వదిలేస్తారు. షిప్ పేరుతో వెతకొద్దు, పేరు మారుతుంది, జెండా (అంటే షిప్ రిజిస్టరైన దేశం) మారుతుంది, ప్రతి షిప్‌కీ విడిగా ఇచ్చే ఏడంకెల ఐఎంఓ నంబర్ మాత్రం షిప్ స్క్రాప్ అయ్యేదాకా మారదు, ఎక్సెల్‌లో మొదటి కాలమ్ అదే ఉండాలి. కంటైనర్ మీద క్లాస్ 1 (పేలుడు పదార్థాలు) బోర్డు చూసి బాంబులు అని అరవొద్దు, శివకాశి టపాకాయలు కూడా క్లాస్ 1 కిందకే వస్తాయి, గనుల్లో వాడే మందుగుండూ అంతే. కస్టమ్స్ కోడ్ 93 అంటే ఆయుధాలు అని ఎవరో చెప్తారు, నిజమే, కానీ ఎయిర్ గన్నులు కూడా అందులోనే ఉంటాయి, యుద్ధ ట్యాంకులేమో 8710లో ఉంటాయి. అంటే ఒక్క కోడ్ చూసి ఉంది అనలేం, లేదు అనీ అనలేం.

ఒకసారి తప్పు షిప్ చూపించి పోర్టు కార్మికుల్ని పని ఆపమన్నారనుకోండి, ఆ రోజు కూలి పోయేది వాళ్ళది, మెమో వచ్చేది వాళ్ళకి. తర్వాత నిజమైన షిప్ వచ్చినా ఆ యూనియన్ మీ ఫోన్ ఎత్తదు. ఒక పోర్టులో సరిగ్గా ఇలాగే జరిగింది, అత్యుత్సాహంతో ఒక గ్రూపు గోధుమల షిప్‌ని చూపించి గొడవ చేసింది, ఆ ఊళ్ళో ఇప్పటికీ మా మాట ఎవరూ వినట్లేదు.

కాగితం ఇచ్చిన మనిషి గురించి ఇంకా జాగ్రత్త. ఆ కాగితం ఫోటో ఉన్నది ఉన్నట్టు ఎక్కడా పెట్టొద్దు. పెన్నుతో పెట్టిన టిక్కు, స్టాంపు పక్కన సంతకం, మడత కూడా ఏ కాపీ ఎవరి టేబుల్ మీదదో చెప్పేస్తాయి. వివరాలు మళ్ళీ టైప్ చేసుకోండి, అసలు కాపీ లాయర్ దగ్గరే ఉండాలి. మన దేశంలో పోర్టు లోపల ఫోటోలు తీయడానికి వెళ్ళొద్దు, చాలాచోట్ల నిషేధం, అధికార రహస్యాల చట్టం కేసు దాకా పోవచ్చు. విదేశీ మిత్రులు ఖర్చులకి డబ్బు పంపిస్తాం అంటే ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా రూపాయి కూడా తీసుకోవద్దు, క్యాంపెయిన్ మొత్తాన్ని మూయించడానికి అదొక్కటి చాలు.

కాగితం పక్కాగా ఉంటే మిగతాది తేలికే. యూనియన్ దగ్గరికి వెళ్ళండి, నాయకుడితో మొదలుపెట్టి అక్కడే ఆగకుండా సరుకు ఎక్కించి దించే కార్మికులతో కూడా కూర్చోండి, ఉపన్యాసం ఇవ్వొద్దు, కాగితం చూపించి వాళ్ళు అడిగినదానికి జవాబు చెప్పండి. 2019 మే 20న ఇటలీలోని జెనోవాలో బహ్రి యన్బు అనే సౌదీ షిప్‌లోకి జనరేటర్లు ఎక్కించమంటే పోర్టు కార్మికులు ఒప్పుకోలేదు. జనరేటరే కదా అని ఎవరైనా అంటారు, కానీ అది యెమెన్ యుద్ధానికి పనికొచ్చే సరుకని ఎక్కించే మనుషులే తేల్చి చెప్పారు, షిప్ అవి లేకుండానే వెళ్ళింది. మన దేశంలోనూ 2024 ఫిబ్రవరిలో 11 మేజర్ పోర్టుల్లో 3,500 మందికి పైగా కార్మికులున్న వాటర్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ ఫెడరేషన్ ఇజ్రాయెల్‌కి వెళ్ళే ఆయుధాల సరుకు ముట్టం అని ప్రకటించింది. వైజాగ్‌లోనో చెన్నైలోనో ఉన్నవాళ్ళు ముందు తట్టాల్సిన తలుపు అది.

అదే రోజు లాయర్ కూడా కోర్టులో ఉండాలి. ఆ దేశపు సొంత చట్టం మీద నడవండి. ఐక్యరాజ్యసమితి ఆయుధ వాణిజ్య ఒప్పందం 2013 ఏప్రిల్ 2న 154 ఓట్లతో పాసైంది, 2014 డిసెంబర్ 24 నుంచి అమల్లో ఉంది, దాని ఆరో ఆర్టికల్ చాలా గట్టిది, కానీ ఓటింగ్‌లో తటస్థంగా ఉండిపోయిన 23 దేశాల్లో ఇండియా ఒకటి, ఇప్పటికీ చేరలేదు, కాబట్టి మన కోర్టులో దాన్ని చదివితే లాభం లేదు. డర్బన్‌లో పనికొచ్చింది దక్షిణాఫ్రికా వాళ్ళ 2002 ఆయుధాల నియంత్రణ చట్టమే. జెండా ఏ దేశానిదో కూడా చూడండి. 2024లో పేలుడు పదార్థాలు మోసుకెళ్తున్న కాథ్రిన్ అనే షిప్‌ని నమీబియా తన పోర్టులోకి రానివ్వలేదు, తర్వాత పోర్చుగల్ జెండా కూడా దానికి లేకుండా పోయింది.

షిప్ కదిలిపోయిందని పార్టీ చేసుకోవద్దు. డర్బన్ నుంచి బయల్దేరాక అంతర్జాతీయ రవాణా కార్మికుల సమాఖ్య చుట్టుపక్కల దేశాల యూనియన్లన్నిటికీ కబురు పెట్టింది, మొజాంబిక్ రానివ్వలేదు, జాంబియా అధ్యక్షుడు మ్వానవాసా ఎవరూ రానివ్వొద్దని పిలుపిచ్చాడు, అంగోలా లువాండాలో ఆయుధాలు కాని సరుకు మాత్రమే దించనిచ్చింది. కాబట్టి తర్వాతి రెండు మూడు పోర్టుల్లో ఎవరితో మాట్లాడాలో ముందే రాసి పెట్టుకోండి, ఆ కాగితాల కాపీలు వాళ్ళ లాయర్ల దగ్గర ముందురోజే ఉండాలి. పని ఆపిన కార్మికులకి నోటీసులు వస్తే అవి క్లోజ్ అయ్యేదాకా లాయర్ ఫీజు మీ గ్రూపే భరించాలి, ఈ మాట యూనియన్‌కి ముందే, రాతలో ఇవ్వండి.