కరెంటు తీగల కింద మామిడి కోత – పాఠం 3: ఏబీ స్విచ్ దించితే సరిపోదు

పోయిన పాఠంలో సప్లై ఆపించి కాయలు కోయమంటే, కొందరు ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ (స్తంభం మీద మూడు తీగల్నీ ఒకేసారి విడదీసే స్విచ్, హ్యాండిల్ కింద ఉంటుంది) వాళ్ళే దించేసి దోటి (కాయలు కోసే పొడుగు కర్ర) పట్టుకుని చెట్టెక్కారంట. వాళ్ళు రాసింది చదివి భయమేసింది. అందుకే ఈసారి అనుకున్న పాఠం పక్కనపెట్టి దీని గురించే రాస్తున్నా. తడి చేతులు, వానలో చెట్టెక్కడం లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

ఏబీ స్విచ్ దించితే ఆగేది ట్రాన్స్‌ఫార్మర్‌కి పోయే కరెంటు. స్విచ్ దాకా వచ్చే 11 కేవీ (11 వేల వోల్టుల) లైన్ అట్లే ఉంటుంది, మీ బెంగళూరా మామిడి చెట్ల మీదుగా పోయేది ఆ లైనే అయితే మీరు ఆపింది ఏమీ లేదు. పైగా పాత స్విచ్‌ల్లో మూడు బ్లేడ్లలో ఒకటి తుప్పు పట్టి అతుక్కునే ఉండొచ్చు, కింద హ్యాండిల్ మాత్రం పూర్తిగా దిగినట్టే కనబడుతుంది. మోటార్ ఆగింది కదా అని కొందరు అంటారు, అప్పా, ఒక్క ఫేజ్ (మూడు తీగల్లో ఒకటి) ఫ్యూజ్ పోయినా మోటార్ ఆగొచ్చు, మిగతా రెండు తీగల్లో కరెంటు ఉంటుంది. పక్క తోటాయన చేంజోవర్ (లైన్ కరెంటునీ జనరేటర్ కరెంటునీ కలవనివ్వని స్విచ్) లేకుండా జనరేటర్ పెడితే అది వెనక్కి లైన్లోకి ఎక్కుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ గుండా పోయి 11 కేవీ వైపూ లేస్తుంది. లైన్‌మన్ అయితే సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే లైన్ ఆపేశామన్న అనుమతి) తీసుకుని, టెస్ట్ చేసి, తీగలకి ఎర్త్ రాడ్ తగిలించాకే చెయ్యి పెడతాడు. అందుకని 1912కి (కరెంటు ఫిర్యాదుల నంబర్) గానీ మీ గ్రామ సచివాలయం ఎనర్జీ అసిస్టెంట్‌కి గానీ చెప్పండి, స్విచ్ మాత్రం మీరు ముట్టొద్దు.

ఇప్పుడు ఎత్తు లెక్క. రోడ్డు కాని చోట 11 కేవీ తీగ నేల నుంచి కనీసం 4.6 మీటర్లు ఉండాలని రూల్. నిలబడి చెయ్యెత్తితే 2 మీటర్లు, దోటి 3 మీటర్లు, మొత్తం 5, అంటే నేల మీద నిలబడే తగిలించొచ్చు. ట్రాక్టర్ ట్రాలీ ఎక్కితే ఇంకో మీటరు. పచ్చి వెదురు కూడా కరెంటు లాగుతుంది, అల్యూమినియం దోటి అయితే తీగలున్న తోటలోకి అసలు తేవద్దనే నా మాట. దోటి కొసకీ తీగకీ మధ్య 3 మీటర్లు తగ్గితే ఆ కొమ్మ వదిలేయండి, గుజ్జు ఫ్యాక్టరీ రేటు ఎంతున్నా సరే.

తీగ తెగి పడితే 10 మీటర్లు దూరం, పశువుల్నీ రానివ్వద్దు. దగ్గర్లో ఉంటే కాళ్ళు ఎడం చేయకుండా చిన్న చిన్న అడుగులతో జరుగుతూ బయటికి రండి.

ప్రాక్టీస్: తోటలో ప్రతి రెండు స్తంభాల మధ్యా తీగ ఎత్తు రాసుకోండి. టేపు, కర్ర ఏదీ పైకి ఎత్తకూడదు. చదరంగా కత్తిరించిన కాగితాన్ని మూలకి మూల మడిచి, అడుగు అంచు నేలకి సమంగా పెట్టి, వాలు అంచు వెంబడి పైకి చూస్తూ లైన్‌కి అడ్డంగా వెనక్కి నడవండి, తీగ ఆ గీత మీదికి వచ్చినచోట ఆగండి. తీగ కింద నుంచి అక్కడికున్న దూరానికి మీ కంటి ఎత్తు కలిపితే అదే తీగ ఎత్తు. మధ్యాహ్నం రెండు మూడింటికే కొలవండి, ఎండకి తీగ సాగి కిందికి జారేది అప్పుడే. 4.6 కంటే తక్కువ వచ్చిన ప్రతిదీ స్తంభం నంబర్‌తో ఏఈకి (కరెంటు ఆఫీసు అసిస్టెంట్ ఇంజనీర్) రాసివ్వండి. ఆ తీగల కింది చెట్లకి సున్నం పూసి గుర్తు పెట్టాకే కోత కూలీలని పిలవండి.