వయల్‌లో తేడా కనిపిస్తే ఏం చేయాలి? ఫార్మసీలో కొత్తగా చేరినవాళ్లకు

కర్నూలులో ఓ ఆసుపత్రి ఫార్మసీలో మందులు ఇవ్వడం, కలపడం నా పని. కొత్తగా చేరిన పిల్లలు పరిగెత్తుకొచ్చి అడిగే ప్రశ్నలకే ఇక్కడ జవాబులు రాస్తున్నాను. మందులో తేడా వస్తే డాక్టరు కంటే ముందు మన కంటికే కనిపించాలి. కలిపిన ప్రతి వయల్‌ని (సూది మందు ఉండే చిన్న గాజు సీసాని) వెలుతురుకు పట్టి, ఒకసారి తెల్ల కాగితం ముందు, ఒకసారి నల్ల అట్ట ముందు చూశాకే బయటికి పంపండి.

"సూది వేసుకుంటానే ఉండా సార్, షుగర్ మాత్రం దిగడంల్యా"

ఈ మాట వింటే రెండు చోట్ల వెతకండి. మొదటిది ఫ్రిజ్. ఏప్రిల్, మే నెలల్లో మనకు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఇన్సులిన్ వేడికే చెడిపోతుందని అందరూ అనుకుంటారు. చల్లదనం ఎక్కువైనా చెడిపోతుందన్నది గుర్తుండదు. నేను ముందు పనిచేసిన చోట, ఎండకు భయపడి ఎవరో సింగిల్ డోర్ ఫ్రిజ్ డయల్‌ని చివరిదాకా తిప్పేశారు. ఐస్ గదికి ఆనుకుని ఉన్న రెండు పెట్టెలు రాత్రికి రాత్రే గడ్డకట్టాయి. పొద్దున మేం బయటికి తీసేసరికి కరిగి, మామూలుగానే కనిపించాయి. అనుమానం వచ్చి పాల రంగు ఇన్సులిన్ వయల్‌ని అరచేతుల మధ్య దొర్లించి చూశాను. గాజు లోపలి గోడకు సన్నటి తెల్లని పలుకులు మంచు పట్టినట్టు అంటుకుని ఉన్నాయి. రెండు పెట్టెలూ పారేశాం.

తెరవని ఇన్సులిన్‌ని 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. మధ్య అరలో థర్మామీటర్ పెట్టి పొద్దున, సాయంత్రం చూసి పుస్తకంలో రాయండి. తలుపు అరలో పెట్టొద్దు, వెనక గోడకు ఆనించొద్దు. కరెంటు పోతే తలుపు తీయకండి. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక ఎంత తేటగా ఉన్నా పనికిరాదు. ఊరికి తీసుకెళ్లేవాళ్లకు ఐస్ నేరుగా తగలకుండా గుడ్డలో చుట్టుకోమని చెప్పండి.

రెండోది సిరంజి. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయల్ దొరుకుతుంది, 100 యూనిట్లదీ దొరుకుతుంది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. 40 వయల్‌ నుంచి నారింజ మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 8 యూనిట్లే. ఇక షుగర్ ఎలా దిగుతుంది? తారుమారైతే ఇంకా ప్రమాదం: 100 వయల్‌ నుంచి ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళ్తాయి, మనిషి పడిపోతాడు. అందుకే వయల్, సిరంజి రెండూ పక్కపక్కన పెట్టి, అంకె చూపించి మరీ ఇవ్వండి. ఎంత రద్దీ ఉన్నా సరే, ఈ ఒక్క నిమిషం దగ్గర తొందర పడొద్దు.

"అన్నా, పాము మందు నురగొచ్చింది, ఏం చేయల్ల?"

చేనుకు పోయి కాటు తిన్నవాళ్లు వస్తే వార్డంతా టెన్షన్. ఆ కంగారులో పొడి వయల్‌లో 10 మిల్లీలీటర్ల స్టెరైల్ వాటర్ పోసి గబగబా కుదుపుతారు. అది ప్రోటీన్ మందు. కుదిపితే నురగ కడుతుంది, మందు దెబ్బతింటుంది, నురగ వల్ల సిరంజిలోకి పూర్తిగా రాదు కూడా. నీళ్లను గాజు గోడ మీదుగా వదిలి, వయల్‌ని మెల్లగా గుండ్రంగా తిప్పండి. నురగ వచ్చేసి ఉంటే అది అణిగేదాకా కదపకండి. ఒక్కరే కూర్చుని పది వయల్స్ కలపకుండా ఇంకొకరిని పిలవండి, చేతులు తోడైతే కుదపాలనిపించదు.

సెలైన్ గొట్టంలో తెల్లగా విరిగినట్టు కనిపిస్తే

సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయోటిక్‌ని రింగర్ లాక్టేట్ అనే సెలైన్ లాంటి ఫ్లూయిడ్‌లో కలిపారేమో చూడండి. అందులోని కాల్షియంతో కలిసి ఆ మందు గడ్డకడుతుంది. వెంటనే ఆపి, గొట్టంతో సహా మార్చాలి. నార్మల్ సెలైన్‌లోనో స్టెరైల్ వాటర్‌లోనో కలపాలి. 28 రోజులు నిండని పసికందుకు కాల్షియం ఉన్న ఫ్లూయిడ్ నడుస్తుంటే, వేరే చేతికైనా సరే, సెఫ్ట్రియాక్సోన్ ఇవ్వకూడదు. చీటీలో రెండూ కనిపిస్తే మందు ఇవ్వకముందే డాక్టరుకు ఫోన్ చేయండి.

మూర్ఛకు ఇచ్చే ఫెనిటాయిన్‌ది ఇంకో తీరు. దాన్ని డెక్స్‌ట్రోస్‌లో (గ్లూకోజ్ బాటిల్లో) వేస్తే స్ఫటికాలు పడతాయి. నార్మల్ సెలైన్ ఒక్కటే వాడండి.

మెదడు వాపు తగ్గించడానికి ఎక్కించే మానిటాల్ బాటిల్లో ముక్కలు మాత్రం మందు పాడైనందుకు వచ్చినవి కావు. ఏసీ గదిలో చల్లబడితే 20 శాతం మానిటాల్ అలాగే పలుకు కడుతుంది. వేడి నీళ్లలో పెట్టి కదిపి, అంతా కరిగాక ఒంటి వేడికి చల్లార్చి ఇవ్వాలి. ఫిల్టర్ ఉన్న గొట్టం సెట్‌తోనే ఎక్కించాలి. ఒక్క పలుకు మిగిలినా ఆ బాటిల్ వద్దు.

వయల్‌లో నల్లటి తుంపు

అది రబ్బరు మూత ముక్క. సూది నిటారుగా పొడిస్తే మొన రబ్బరును కోసి లోపలికి తోస్తుంది. ఆ వయల్ పారేయండి. ఈసారి సూది వాలు ముఖాన్ని (మొన దగ్గర ఏటవాలుగా కోసిన వైపుని) పైకి ఉంచి, కాస్త వంచి గుచ్చి, లోపలికి దిగుతుండగా నిటారు చేయండి.

మందు ఎక్కించిన కాసేపటికే పేషెంటుకు వణుకు, జ్వరం

మందు వల్లా రావొచ్చు, మనం కలిపేటప్పుడు క్రిములు చేరడం వల్లా రావొచ్చు. లామినార్ హుడ్ (ఫిల్టర్ చేసిన గాలి వీచే, మందులు కలిపే పెట్టె) ఉంటే పనికి 30 నిమిషాల ముందే ఆన్ చేశారా? 70 శాతం ఆల్కహాల్‌తో వయల్ మూతిని తుడిచి ఆరనిచ్చారా? తడి మీదే సూది గుచ్చితే తుడిచిన ఫలితం ఉండదు. హుడ్ అంచు నుంచి కనీసం 15 సెంటీమీటర్లు లోపల పనిచేశారా? ఫిల్టర్ నుంచి వచ్చే గాలికీ వయల్ మూతికీ మధ్య చేయి గానీ సీసా గానీ అడ్డం వస్తే హుడ్ ఉండీ లేనట్టే. హుడ్ లేని చిన్న ఆసుపత్రిలో తలుపు మూసి, ఫ్యాన్ ఆపి (ఎండాకాలంలో కష్టమే, అయినా ఆపాలి), చేతులు కడుక్కుని, ఇవ్వబోయే ముందే కలపండి. పొద్దున కలిపి సాయంత్రానికి దాచొద్దు.

వణుకు వచ్చిన పేషెంటు బాటిల్, సెట్, ఖాళీ వయల్ ఏదీ చెత్తబుట్టలో వేయకండి. ఎక్కించడం ఆపించి, డాక్టరుకు చెప్పి, అన్నీ ఒక కవర్లో కట్టి బ్యాచ్ నంబరు, కలిపిన టైము, కలిపినవాళ్ల పేరు రాసి పెట్టండి. ఆ పేరు మీదే అయినా రాయండి. మందు వల్లే అని అనుమానం ఉంటే ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలు నమోదు చేసే విభాగం) టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కి ఫోన్ చేసి చెప్పొచ్చు.