అవుట్‌డోర్ క్లబ్‌తో పడవ ప్రయాణానికి, ట్రెక్కింగ్‌కి మొదటిసారి వెళ్లడం ఎలా?

తెడ్డు పట్టుకోవడం ఒక పూటలో వచ్చేస్తుంది. వీపున బ్యాగ్ వేసుకుని కొండదారిలో నడవడం ఎవరూ ప్రత్యేకంగా నేర్పక్కర్లేదు. కానీ అప్పటిదాకా ముఖం కూడా చూడని పదిమందితో కలిసి రెండు మూడు రోజులు నీళ్ల మీద, అడవిలో గడపడం వేరే విద్య. ట్రిప్ పాడైతే వానదో సామానుదో తప్పనుకుంటాం. చాలాసార్లు అసలు కారణం బయల్దేరకముందే మొదలై ఉంటుంది. ఎవరో తమకి రాని పనిని వచ్చని చెప్పి ఉంటారు, లేదా లీడర్ అడగాల్సింది అడిగి ఉండరు. అందుకే సామాను జాబితా కంటే ఆ మాటలకే ఇక్కడ ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఈ క్లబ్బులు నిన్నమొన్నటివి కావు. లండన్‌లో కొండలెక్కేవాళ్ల ఆల్పైన్ క్లబ్ 1857లో, తెడ్డు పడవలవాళ్ల రాయల్ కెనూ క్లబ్ 1866లో మొదలయ్యాయి. అమెరికాలోని సియెరా క్లబ్ 1901 నుంచే సభ్యుల్ని పెద్ద బృందాలుగా కొండల్లోకి తీసుకెళ్లింది. ఈనాటి క్లబ్బుల్లో ముందు ఒకరు, వెనక ఒకరు అనుభవజ్ఞులు ఉండటం మామూలు పద్ధతి. కింద చెప్పేవన్నీ దాదాపుగా ఆ పద్ధతి చుట్టూ తిరిగేవే.

మొదట: మీకు సరిపడే ట్రిప్ వెతుక్కోండి

ట్రిప్ వివరాల్లో ఫొటోలు పక్కనపెట్టి అంకెలు చూడండి. నదుల కష్టాన్ని అంతర్జాతీయంగా ఆరు తరగతులుగా లెక్కిస్తారు. ఒకటో తరగతిలో నీరు కదులుతుంది, చిన్న అలలుంటాయి, అంతే. రెండులో తేలికపాటి జోరు, దారి స్పష్టంగా కనిపిస్తుంది. మూడుకొచ్చేసరికి అలలు ఒక క్రమంలో ఉండవు, ఇరుకుల్లో పడవని చకచకా తిప్పగలగాలి. ఆరో తరగతి దాదాపు దాటలేనిది. కొత్తవాళ్లు నిశ్చలమైన చెరువు, లేదా ఒకటో తరగతి నదితో మొదలుపెట్టడం మంచిది. ఒక్క సంగతి మర్చిపోవద్దు, ఈ అంకె ఆ రోజు వరదని చెప్పదు, నీటి చల్లదనాన్నీ చెప్పదు. గట్టి వాన పడిన మర్నాడు అదే నది ఇంకో నదిలా ఉంటుంది.

నడకకి స్కాట్లండ్‌కి చెందిన విలియం నైస్మిత్ 1892లో ఇచ్చిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. సుమారు 5 కిలోమీటర్లకి ఒక గంట, ప్రతి 600 మీటర్ల ఎక్కుడుకి ఇంకో గంట. 12 కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కాలంటే మూడున్నర గంటలన్నమాట. అయితే అది తేలికపాటి బరువుతో, అలవాటున్న మనిషికి. బరువైన బ్యాగులతో గుంపుగా వెళ్లేటప్పుడు నేనైతే ఐదు గంటలు వేసుకుంటాను. నీళ్ల మీద కొత్తవాళ్లున్న బృందం గంటకి మూడు నాలుగు కిలోమీటర్లు వెళ్తే బాగా వెళ్లినట్టే. ఎదురుగాలి వస్తే అదీ ఉండదు.

తర్వాత: లీడర్‌తో మాట్లాడండి

ఫారం నింపి డబ్బు కట్టేస్తే పని అయిపోయిందనుకోకండి. ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడండి. ఇది మొహమాటపడే చోటు కాదు.

మీరు చెప్పాల్సినవి: ఈత వచ్చా, ఎంత దూరం? పడవ ఎప్పుడైనా బోల్తా పడిందా, అప్పుడు కంగారుపడ్డారా? ఈ మధ్య బరువుతో ఎంతసేపు నడిచారు? ఉబ్బసం, షుగర్, మూర్ఛ, గుండె జబ్బు, తేనెటీగ కుట్టినా ఏదైనా తిన్నా పడకపోవడం, పాత మోకాలి నొప్పి లాంటివి దాచకండి. రోజూ వేసుకునే మందులేంటో, అవి బ్యాగులో ఏ జేబులో ఉంటాయో కూడా చెప్పండి. అవసరమైనప్పుడు మీ బ్యాగు వెతికేది వేరేవాళ్లు. భయాలు కూడా చెప్పాల్సిన వాటిలోకే వస్తాయి. ఎత్తంటే భయమున్న మనిషికి సన్నని అంచు దారిలో చెయ్యి అందించడం తేలిక, ఆ సంగతి ముందే తెలిస్తే.

మీరు అడగాల్సినవి కూడా ఉన్నాయి. మొత్తం ఎంతమంది? చివరన ఉండే అనుభవజ్ఞులు ఎవరు? మధ్యలో ఎవరికైనా బాగోకపోతే ఏ చోట బయటపడచ్చు? ఏ పరిస్థితిలో వెనక్కి తిరుగుతాం? ఈ చివరి ప్రశ్నకి లీడర్ చెప్పే జవాబు జాగ్రత్తగా వినండి. "తెల్ల నురగ కనిపించేంత గాలి ఉంటే చెరువులోకి దిగం", "మధ్యాహ్నం రెండుకి ఎక్కడున్నా వెనక్కి తిరుగుతాం" అని గీత గీసినట్టు చెప్పేవాళ్లతో నిశ్చింతగా వెళ్లచ్చు. "అక్కడికి వెళ్లాక చూద్దాం" అనేవాళ్లతో నేను వెళ్లను.

ఒక్కోసారి లీడర్ "ఈ ట్రిప్ మీకు ఇప్పుడే వద్దు" అంటారు. చిన్నబుచ్చుకోకండి. మీకు ఏ ట్రిప్ సరిపోతుందో ఆ మాట మీదే అడిగి తెలుసుకోండి. అలా చెప్పగలిగే లీడర్ మీద నాకు గౌరవం ఎక్కువ.

బయల్దేరే ముందు రెండు సాధనలు

మొదటిది, కావాలని పడవ బోల్తా కొట్టించడం. ఒడ్డు పక్కన, నడుము కంటే కాస్త ఎక్కువ లోతులో, తెలిసినవాళ్లు పక్కనుండగా చేయండి. కయాక్‌లో (పైన మూసి ఉండే సన్నటి తెడ్డు పడవ) కూర్చునే చోటికి నీరు రాకుండా నడుము చుట్టూ బిగించే కవచం వాడుతుంటే దాన్ని లాగే పట్టీ బయటికి కనిపిస్తుండాలి. తలకిందులయ్యాక పట్టీని ముందుకి లాగి, తుంటికి రెండు పక్కలా చేతులతో తోసుకుని బయటికి రావాలి. ఒకసారి చేశాక సగం టెన్షన్ పోతుంది.

తర్వాత ఇద్దరు కలిసి తిరిగి ఎక్కడం నేర్చుకోండి. సాయం చేసేవాళ్లు బోల్తా పడిన పడవ ముక్కుని అడ్డంగా తమ పడవ మీదికి లాగి నీళ్లు ఒంపేస్తారు, పడవని మళ్లీ సరిగ్గా తిప్పి తమ పడవ పక్కన ఆనించి గట్టిగా పట్టుకుంటారు. నీళ్లలో ఉన్నవాళ్లు అవతలి వైపు నుంచి పైకి పాకుతారు. వినడానికి తేలికే, తడిసిన చేతులతో మాత్రం రెండు మూడుసార్లు చేస్తే గానీ కుదరదు.

లైఫ్ జాకెట్ కూడా అప్పుడే చూసుకోండి. పట్టీలన్నీ బిగించాక వెనక నుంచి ఎవరైనా భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగాలి. అది గడ్డం దాటి వస్తే మీ కొలత కాదు. నీళ్ల మీద ఉన్నంతసేపూ అది ఒంటి మీదే ఉండాలి, పడవలో పక్కన పెట్టుకుంటే లేనట్టే లెక్క.

బట్టలు గాలి వేడిని బట్టి కాదు, నీటి చల్లదనాన్ని బట్టి వేసుకోవాలి. బాగా చల్లటి నీటిలో హఠాత్తుగా పడితే మొదటి నిమిషం ఊపిరి మన అదుపులో ఉండదు. ఆ తర్వాత సుమారు పది నిమిషాలు మాత్రమే చేతులు మాట వింటాయి. ఒంటి వేడి పడిపోయి స్పృహ తప్పడానికి గంట దాకా పట్టవచ్చు. అంటే మొదటి నిమిషం ఊపిరి నిలదొక్కుకోవడానికే, మరే పనీ పెట్టుకోవద్దు.

రెండో సాధన, నిండా సర్దిన బ్యాగుతో ఒక పూట నడక. బరువు మీ ఒంటి బరువులో ఐదో వంతు దాటకుండా చూడండి. నడుము పట్టీ తుంటి ఎముకల మీద కూర్చోవాలి, బరువు ఎక్కువ భాగం అక్కడే పడాలి. భుజాలు నొప్పి పుడుతున్నాయంటే సర్దుబాటులో తేడా ఉంది. కొత్త బూట్లు ట్రిప్ రోజున మొదటిసారి వేసుకోవద్దు.

సామాను

క్లబ్ జాబితా ఇస్తుంది, నేను మళ్లీ రాయను. పడవలో వెళ్లి, దిగి, నడిచే ట్రిప్పుల్లో మాత్రం ఒక చిక్కుంది. ఒకే పెద్ద నీరు చొరని సంచీ కయాక్ లోపల పట్టదు, వీపున మోయడానికీ కుదరదు. చిన్న చిన్న సంచుల్లో సర్దుకుంటే పడవలో మూలమూలకీ దూరుతాయి, దిగాక అన్నీ బ్యాగులో వేసుకోవచ్చు. స్లీపింగ్ బ్యాగ్, ఒక జత పొడి బట్టలు రెండు సంచుల లోపల ఉంచండి. పడవలో బరువు కిందికి, మధ్యకి ఉండాలి. వేలాడే తాళ్లు వద్దు, బోల్తా పడితే కాలికి చుట్టుకుంటాయి.

నూలు బట్టలు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. ఉన్ని గానీ సింథటిక్ గానీ మేలు. తిండి ఎండు సరుకులైతే మనిషికి రోజుకి 700 నుంచి 900 గ్రాములు, దాని మీద ఒక పూటకి అదనంగా. టెంట్, స్టవ్, వంట గిన్నెలు, మందుల పెట్టె అందరివీ కాబట్టి ముందే పంచుకోండి. లేకపోతే ముగ్గురు మూడు స్టవ్‌లు తెస్తారు, అగ్గిపెట్టె ఎవరూ తేరు.

ఇంకొకటి. నదిలో దిగే రేవు ఒకటి, తేలే రేవు ఇంకొకటి కాబట్టి కొన్ని కార్లు ముందే చివరి రేవులో పెట్టి వస్తారు. ఆ కారు తాళం పడవ ఎక్కిందో లేదో దిగేముందు చూసుకోండి. మొదటి రేవులో ఆపిన కారులోనే అది ఉండిపోవడం క్లబ్బుల్లో చాలా తరచుగా జరిగేదే.

నీళ్ల మీద

రేవు దగ్గర లీడర్ సైగలు చెప్తారు. సాధారణంగా ఒక విజిల్ అంటే ఇటు చూడండి అని, మూడు విజిళ్లంటే ప్రమాదం. తెడ్డు నిలువుగా ఎత్తితే రావచ్చు, తల మీదుగా అడ్డంగా పట్టుకుంటే ఆగండి. చేత్తో నెత్తి మీద తట్టుకుంటే బాగానే ఉన్నానని. క్లబ్‌ని బట్టి చిన్న తేడాలుంటాయి, అందుకని తెలిసినా మళ్లీ వినండి.

ముందు పడవని ఎవరూ దాటకూడదు, చివరి పడవకి వెనక ఎవరూ మిగలకూడదు. ఈ రెండిటి మధ్య ప్రతి ఒక్కరూ తమ వెనక పడవని కనిపెట్టుకుని ఉండాలి. మలుపు తిరిగాక వెనక్కి చూడండి. వెనకవాళ్లు కనిపించకపోతే ఆగండి. మీరు ఆగారని మీ ముందువాళ్లు ఆగుతారు, అలా కబురు పెట్టక్కర్లేకుండానే బృందమంతా ఆగుతుంది.

ప్రవాహంలో పడిపోతే వెల్లకిలా తేలండి, కాళ్లు దిగువ వైపు, వేళ్లు నీటి పైకి. మోకాలి కంటే లోతున్న జోరులో నిలబడే ప్రయత్నం చేయకండి. పాదం రాళ్ల మధ్య ఇరుక్కుంటే నీరు మనిషిని ముందుకి పడదోస్తుంది, అదే ప్రాణాలు తీసేది. పడవకి ఎప్పుడూ ఎగువ వైపే ఉండండి, దిగువన ఉంటే పడవకీ రాయికీ మధ్య నలిగిపోతారు. నదిలో కూలిన చెట్ల కొమ్మల మధ్య నుంచి నీరు పోతుంది, మనిషి పోలేడు. వాటికి బాగా దూరంగా వెళ్లాలి. చిన్న అడ్డుకట్టలు పైనుంచి అమాయకంగా కనిపిస్తాయి గానీ కింద తిరిగే నీరు మనిషిని వదలదు. ఒడ్డుకొచ్చి పడవ మోసుకుని దాటండి. ఉరుము వినిపిస్తే నీళ్లలోంచి బయటికి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి మళ్లీ లోపలికి.

నడకలో

నెమ్మదిగా నడిచేవాళ్లని చివర వదిలేయడం అన్నిటికంటే పెద్ద అన్యాయం. ముందువాళ్లు కూర్చుని సేదతీరి, వాళ్లు వచ్చేసరికి "పదండి" అని లేస్తారు. అందరికంటే అలసిన మనిషికే విశ్రాంతి ఉండదు. విశ్రాంతి సమయం చివరి మనిషి వచ్చి బ్యాగు దించినప్పటి నుంచి లెక్కపెట్టాలి. ఇంకా మంచి పద్ధతి, వాళ్లని లీడర్ వెనక రెండో స్థానంలో నడవనివ్వడం. నడక వేగం దానంతట అదే సర్దుకుంటుంది.

దారి చీలిన ప్రతిచోటా అందరూ కలిసేదాకా ఆగండి. చెట్ల చాటుకి వెళ్లాల్సి వస్తే ఒకరికి చెప్పి, బ్యాగు దారి పక్కన కనపడేట్టు పెట్టి వెళ్లండి. చివరి మనిషి దాన్ని చూసి ఆగుతారు. పాదంలో ఎక్కడైనా మంటగా అనిపిస్తే అప్పుడే ఆగి టేప్ వేసుకోండి. అందర్నీ ఆపడం ఎందుకులే అనుకుంటే సాయంత్రానికి బొబ్బ అవుతుంది, మర్నాడు మీ బరువు నలుగురూ మోయాలి.

క్యాంప్‌లో

చేరగానే పడవల్ని బాగా పైకి లాగి కట్టేయండి, రాత్రి నీరు పెరగచ్చు. టెంట్, మరుగుకి వెళ్లే చోటు నీటికి 60 మీటర్ల దూరంలో ఉండాలి, గొయ్యి 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు తవ్వి పూడ్చేయాలి. తాగే నీరు తెర్లిన తర్వాత ఒక నిమిషం, 2000 మీటర్ల పైన మూడు నిమిషాలు మరగనివ్వండి. పని ఏమైనా ఉందా అని అడుగుతూ నిలబడటం కంటే నీళ్ల గిన్నె తీసుకుని వెళ్లిపోండి.

ఎవరికైనా బాగోకపోతే

వణుకు, మాట ముద్దగా రావడం, చేతిలో వస్తువులు జారడం, అడుగు తడబడటం, కారణం లేని చిరాకు, ఇవన్నీ చలికి ఒళ్లు లొంగిపోతోందనడానికి గుర్తులు. ఆ మనిషి "నేను బాగానే ఉన్నాను" అంటారు, నమ్మకండి. తడి బట్టలు మార్చండి, గాలి తగలకుండా చుట్టండి, మింగగలిగితే తీపి వేడి పానీయం ఇవ్వండి. కొండల్లో కనీసం నలుగురైనా ఉండాలనేది ఇందుకే. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు దగ్గరుంటారు, ఇద్దరు సాయానికి వెళ్తారు. వెళ్లేవాళ్లు చోటు, దెబ్బ వివరం, సమయం, అక్కడున్నవాళ్ల సంఖ్య కాగితం మీద రాసుకుని వెళ్లాలి.

తిరిగొచ్చాక

చివరి రేవులో తలలు లెక్కపెట్టి, అన్ని కార్లూ స్టార్ట్ అయ్యేదాకా ఎవరూ కదలకండి. ఇంటి దగ్గర మీ కబురు కోసం చూస్తున్నవాళ్లకి వచ్చేశామని చెప్పండి, ఆ మాట అందకపోతే వాళ్లు వెతుకులాట మొదలుపెడతారు. పడవలు కడిగి, నీరు పూర్తిగా ఒంపి ఆరబెట్టండి, లేకపోతే ఒక చెరువులోని కలుపు ఇంకో చెరువుకి చేరుతుంది. లీడర్‌కి మీకు నచ్చింది చెప్పడంతో పాటు ఇబ్బందిపెట్టింది కూడా చెప్పండి, ఆ వారంలోనే, సూటిగా. కొన్ని ట్రిప్పులయ్యాక చివరి మనిషిగా నడవడానికి మీ పేరివ్వండి, మొదట్లో అనుభవమున్న మరొకరి పక్కన.