థైరాయిడ్ రిపోర్టు చదవడం – 4వ పాఠం: గ్రంథి ఎక్కువ చేస్తోందా, నిల్వ కారిపోతోందా?

పోయిన పాఠం చివర ఇచ్చిన నాలుగు రిపోర్టుల్లో మూడోదాని దగ్గర చాలామంది తడబడ్డారు. అది తేలకుండా ముందుకు వెళ్లలేం.

అందులో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయమని అడిగే హార్మోను) 1.2, ఫ్రీ టీ4 (థైరాయిడ్ తయారుచేసి రక్తంలోకి వదిలే హార్మోను) 0.5. టీఎస్‌హెచ్ 0.4కీ 4.0కీ మధ్యే ఉంది కదా అని 'నార్మల్' అని రాసేశారు. టీఎస్‌హెచ్‌ను తయారుచేసేది థైరాయిడ్ కాదు, మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి. రక్తంలో టీ4 కాస్త తగ్గినా టీఎస్‌హెచ్ ఎన్నో రెట్లు పెరగాలి. ఇక్కడ టీ4 కనీసం 0.8 ఉండాల్సింది 0.5కి దిగిపోయింది, అయినా టీఎస్‌హెచ్ కదల్లేదు. అంటే అడగాల్సిన గ్రంథే అడగడం లేదు. పిట్యూటరీలో గడ్డ, దానికి చేసిన ఆపరేషన్ లేదా రేడియేషన్, కాన్పులో విపరీతంగా రక్తం పోవడం, ఇవీ దీని వెనక ఉండే కారణాలు. ఐసీయూలో ఉన్నంత తీవ్రమైన జబ్బులోనూ అంకెలు ఇలాగే కనిపిస్తాయి కాబట్టి, అవసరం పడితే తప్ప ఆ సమయంలో ఈ పరీక్ష చేయించకూడదు.

ఇంకో సంగతి. పిట్యూటరీ దెబ్బతిన్నప్పుడు కార్టిసాల్ (ఒత్తిడిని తట్టుకోవడానికి శరీరానికి కావాల్సిన హార్మోను) కూడా తగ్గి ఉండొచ్చు. అది చూడకుండా థైరాక్సిన్ (టీ4 మాత్ర) మొదలుపెడితే ప్రాణం మీదికి వస్తుంది. ముందు కార్టిసాల్, తర్వాతే థైరాక్సిన్. డోసు సరిపోయిందో లేదో కూడా ఫ్రీ టీ4 చూసే తేల్చాలి, టీఎస్‌హెచ్ చూసి కాదు.

రెండో రిపోర్టు (టీఎస్‌హెచ్ 14, టీ4 0.6, థైరాయిడ్‌కు వ్యతిరేకంగా పుట్టే యాంటీ టీపీఓ యాంటీబాడీ పాజిటివ్) హషిమోటో, అంటే శరీరమే తన థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బు అని అందరూ పట్టేశారు. దాన్ని వదిలేద్దాం.

నాలుగోది: టీఎస్‌హెచ్ 0.01, ఫ్రీ టీ4 3.1. దాదాపు అందరూ 'గ్రేవ్స్' (థైరాయిడ్ అతిగా పనిచేసే జబ్బు) అని రాశారు. హార్మోను ఎక్కువైందన్న మాట నిజమే, కానీ ఎందుకు ఎక్కువైందో ఈ రెండు అంకెలు చెప్పవు. ఇవాళ్టి పాఠం ఇదే.

థైరాయిడ్ తన హార్మోనును రెండు మూడు నెలలకు సరిపడా నిల్వ ఉంచుకుంటుంది. కాబట్టి రక్తంలో టీ4 పెరగడానికి మూడు దారులున్నాయి. గ్రంథి ఎక్కువ తయారుచేయడం ఒకటి: గ్రేవ్స్‌లో యాంటీబాడీలు టీఎస్‌హెచ్ రిసెప్టర్‌ను పట్టుకుని ఆపకుండా పనిచేయిస్తాయి, లేదా ఏదో ఒక గడ్డ సొంతంగా హార్మోను చేస్తుంది. గ్రంథి వాచి నిల్వ కారిపోవడం రెండోది. థైరాక్సిన్ మాత్ర ఎక్కువ కావడం మూడోది.

మొదటి రెండింటినీ కలిపేయడమే నన్ను అన్నిటికంటే బాధపెట్టే తప్పు. కార్బిమజోల్, మెథిమజోల్ చేసే పని కొత్త హార్మోను తయారీని ఆపడం. వాపులో కొత్త తయారీ ఎలాగూ నడవడం లేదు, పాత సరుకే బయటికి వస్తోంది. ఆపడానికి ఏమీ లేనిచోట మందు వేసి ఏం లాభం? లాభం లేకపోగా ఆ మందుతో అరుదుగా తెల్లరక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. అది వాడుతుండగా జ్వరం, గొంతునొప్పి వస్తే మందు ఆపి అదే రోజు రక్తకణాల లెక్క చూడాలి. వాపుకైతే గుండెదడ తగ్గడానికి ప్రొప్రనొలాల్, నొప్పి ఉంటే నొప్పి మందు చాలు. కారడం కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలల్లో ఆగిపోతుంది. ఆపైన నిల్వ అయిపోయి కొన్నాళ్లు హార్మోను తక్కువవుతుంది. తర్వాత చాలామందిలో గ్రంథి కోలుకుంటుంది, కొందరిలో కోలుకోదు.

తేడా పట్టడానికి నేను మొదట మెడనే అడుగుతాను. జలుబు, జ్వరం వచ్చిన కొన్ని వారాలకు మెడ ముందు భాగం ముట్టుకుంటే నొప్పి, అది దవడకో చెవికో పాకడం, ఈఎస్ఆర్ (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) బాగా ఎక్కువ ఉండడం – ఇవి వాపువైపు చూపిస్తాయి. కాన్పయిన ఏడాదిలోపు వచ్చే వాపులో నొప్పి ఉండదు, అందుకే అది గ్రేవ్స్‌లా మోసం చేస్తుంది. కనుగుడ్లు ముందుకు పొడుచుకొస్తే గ్రేవ్స్ అనే అనుకోవచ్చు. తేలకపోతే టీఎస్‌హెచ్ రిసెప్టర్ యాంటీబాడీ పరీక్ష. అదీ తేల్చకపోతే అప్‌టేక్ స్కాన్, అంటే కొద్దిగా రేడియోధార్మిక పదార్థం ఇచ్చి గ్రంథి దాన్ని ఎంత పీల్చుకుంటుందో చూడడం: తయారీ ఎక్కువైతే గ్రంథి బాగా పీల్చుకుంటుంది, వాపైతే దాదాపు పీల్చదు. గర్భిణులకు ఈ స్కాన్ చేయకూడదు. ఈమధ్యే అయోడిన్ కాంట్రాస్ట్‌తో సీటీ తీయించుకున్నవారిలో ఫలితాన్ని నమ్మలేం.

సాధన. మూడు రిపోర్టులు. ప్రతిదానికీ కారణం, తర్వాత చేయాల్సిన ఒకే ఒక్క పని, ఇవ్వకూడని మందు ఉంటే అదీ రాయండి.

క) టీఎస్‌హెచ్ 0.02, టీ4 2.4. కాన్పయి నాలుగు నెలలు. మెడ నొప్పి లేదు, కళ్లు మామూలుగానే ఉన్నాయి.

చ) టీఎస్‌హెచ్ 0.3, టీ4 0.6. రెండు నెలల క్రితం మెడ నొప్పి, గుండెదడ. మూడో రిపోర్టు గుర్తొచ్చి పిట్యూటరీ అని రాసేముందు, నెలల తరబడి అణిగి ఉన్న పిట్యూటరీ మళ్లీ లేవడానికి కొన్ని వారాలు పడుతుందని గుర్తుపెట్టుకోండి.

ట) టీఎస్‌హెచ్ 0.05, టీ4 2.6, రిసెప్టర్ యాంటీబాడీ పాజిటివ్. మనిషికి దడ లేదు, వణుకు లేదు, బరువు తగ్గలేదు. జుట్టు కోసం రోజూ 10 మిల్లీగ్రాముల బయోటిన్ (ఒక విటమిన్) మాత్ర వేసుకుంటున్నారు.