క్రిస్మస్ విందులో పేచీ పెట్టే పిల్లలకు భోజనం పెట్టడం ఎలా?

డిసెంబరు 25న చర్చి నుంచి వచ్చి ఇరవై మంది బంతిలో కూర్చుంటాం, అందులో ఒక మూడేళ్ల పాపో ఐదేళ్ల బాబో కంచం అవతలికి తోసేసి నోరు బిగించుకుంటారు. ఒడిశాలోని మా పర్లాకిమిడిలో ఏటా ఏదో ఒక ఇంట్లో ఇది చూస్తూనే ఉన్నాను. నానమ్మ బతిమాలుతుంది, మామయ్య కళ్లెర్రజేస్తాడు, తల్లి సిగ్గుపడి ఫోన్‌లో కార్టూన్ పెట్టి ముద్ద కుక్కుతుంది, ఆఖరికి ఎవరో లేచి వెళ్లి నూడుల్స్ చేసుకొస్తారు. ఆ నూడుల్స్ గిన్నె వచ్చిందంటే వచ్చే ఏడాది క్రిస్మస్ కూడా పాడైనట్టే. పద్దెనిమిదేళ్లుగా మా ఇంట్లో పండగ వంట నాదే, తిండి దగ్గర మొండికేసే పిల్లలు ఎంతోమంది నా చేతి మీదుగా పెరిగారు కాబట్టి చెబుతున్నాను.

వంట సంగతి ముందు, దీనికి పెద్ద కష్టం లేదు. మటన్‌ని ఉప్పు, పసుపు, అల్లం వెల్లుల్లితో కుక్కర్‌లో మెత్తగా ఉడికించి, కారం, మసాలా పడకముందే పిల్లలకు నాలుగైదు ముక్కలు తీసి పక్కన పెట్టండి. ఎముకలు తీసేసి ముక్కల్ని సన్నగా చీల్చాలి. పులావులో జీడిపప్పు వేస్తాం కదా, పలాస పక్కనే ఉంది, వేయకుండా ఉండలేం, కానీ ఐదేళ్ల లోపు పిల్లలకు గింజలు గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది, వాళ్ల కంచంలోంచి ఏరేయండి. పులావుతో పాటు తెల్లన్నం, పప్పు తప్పకుండా ఉండాలి. మా వైపు పప్పు, కూరగాయలు కలిపి వండే దాల్మా చేసినా సరే, అది రోజూ తినేదే. పిల్లలకు చిన్న స్టీలు కంచమే పెట్టాలి, పెద్ద కంచంలో చెంచాడు అన్నం పెట్టినా వాళ్లకు కొండలా కనిపిస్తుంది.

తర్వాత టైము. ఇక్కడే సగం ఇళ్లలో పప్పులో కాలేస్తారు. 2011 లెక్కల ప్రకారం మా గజపతి జిల్లాలో మూడింట ఒక వంతు కంటే ఎక్కువ మంది క్రైస్తవులు, అంటే పండగనాడు వీధిలో గడప గడపకీ ఒక కేకు ముక్క, రెండు గులాబీ పువ్వులు, ఒక అరిసె ఉంటాయి. పొద్దుటి నుంచి నాలుగిళ్లు తిరిగి, మధ్యలో పాలు కూడా తాగిన పిల్లకి మధ్యాహ్నం రెండున్నరకి మటన్ పెడితే ఎందుకు తింటుంది? దాని కడుపే చిన్నది, అది ఎప్పుడో నిండిపోయింది. పైగా ముందురోజు రాత్రి ఆరాధనకి మేలుకుని ఉంటుంది. పిల్లలకు పన్నెండున్నరకే వడ్డించాలి, దానికి రెండు గంటల ముందు నుంచి నీళ్లు తప్ప ఏమీ ఇవ్వకూడదు. ఇళ్లలో ఇచ్చిన పిండివంటలు ఒక డబ్బాలో వేసుకుని రండి, సాయంత్రం తింటారు. గుణుపురం రైలుకి వచ్చే చుట్టాల కోసం ఆగుదాం అంటారు, పెద్దవాళ్లు ఆగండి, పిల్లల్ని ఆపకండి.

ఇప్పుడు అసలు కష్టమైన ఘట్టం. కంచం ముందు పెట్టాక మొదటి పది నిమిషాలు. ఇక్కడ తప్పు చేస్తే పైన చేసిందంతా వృథా.

రెండేళ్ల నుంచి ఆరేళ్ల దాకా పిల్లలు కొత్త తిండిని చూసి భయపడటం సహజం. అది పొగరు కాదు, పెంపకం లోపమూ కాదు. చేదు వాళ్లకు మనకంటే గట్టిగా తగులుతుంది కూడా. ఇంగ్లండ్‌లో క్రిస్మస్ భోజనానికి టర్కీ కోడితో పాటు చిన్న క్యాబేజీల్లాంటి బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ వండుతారు, ఆ చేదుకి అక్కడి పిల్లలూ మొహం తిప్పేస్తారు. ఒక కొత్త పదార్థాన్ని పది పదిహేను సార్లు చూస్తే గానీ చాలామంది పిల్లలు ఒప్పుకోరు. మనమేమో ఏడాదికోసారి చేసే వంటలన్నీ ఒకేసారి, కొత్త బట్టలు గుచ్చుకుంటుండగా, ముక్కూమొహం తెలియని చుట్టాల మధ్య పెడతాం.

అందుకని కంచంలో తెలిసినవి రెండు, తెలియనిది ఒకటి పెట్టాలి. పప్పన్నం, పెరుగు, పక్కన చెంచాడు మటన్ చీలికలు. అంతే. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అనేది పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, తింటే ఎంత అనేది పిల్లల పని. ఆ గీత దాటకండి.

కంచం పెట్టాక మాట్లాడకండి. ‘ఒక్క ముద్ద’ అనొద్దు, ‘చూడు అన్నయ్య ఎంత బాగా తింటున్నాడో’ అని అస్సలు అనొద్దు, తింటే చప్పట్లు కూడా కొట్టొద్దు. ‘నాకొద్దు’ అంటే ‘సరే నాన్నా, కంచంలో ఉండనీ’ అని మీ భోజనం మీరు చేయండి. మా చెల్లి కూతురు నాలుగేళ్లప్పుడు పులావులోంచి పుదీనా ఆకు ఒక్కొక్కటే వేలికొసతో తీసి కంచం అంచున వరసగా అతికించింది, తర్వాత మటన్ చీలిక ఒకటి వాసన చూసి, నాలుకకి తగిలించి, చేతిలోకి ఊసేసింది. పక్కనున్న పెద్దాయన ‘ఛీ, అదేం పని’ అనబోతే నేను చేత్తో ఆపాను. ముట్టుకోవడం, వాసన చూడటం, ఊసేయడం, ఇవన్నీ తినడం నేర్చుకోవడమే. అంతకు రెండేళ్ల ముందు వాళ్లన్నయ్యకి బలవంతంగా ముద్ద పెడితే కొత్త చొక్కా మీదే కక్కేశాడు, ఆ తర్వాత చాలాకాలం మటన్ వాసనకే లేచి వెళ్లిపోయేవాడు.

పెద్దవాళ్లతో ముందురోజే మాట్లాడి పెట్టుకోండి. బంతిలో చెబితే అవమానంగా తీసుకుంటారు. ‘అత్తయ్యా, రేపు పాప కంచం సంగతి నాకు వదిలేయండి, మీరు దాని ఎదురుగా కూర్చుని అదే కూర తినండి చాలు’ అని చెప్పండి. చెప్పినదానికంటే చూసిందే పిల్లలు ఎక్కువగా చేస్తారు, అందుకే ఎదురుగా కూర్చునే మనిషి ముఖ్యం.

ఇక కేకు. ‘ఈ ముద్ద తింటే కేకు ఇస్తా’ అన్నారంటే మటన్ శిక్ష, కేకు బహుమానం అని మీరే నేర్పినట్టు. నేను వేలెడంత కేకు ముక్క, లేదా ఛెనా పోడ (పాలవిరుగుడుతో కాల్చి చేసే ఒడియా మిఠాయి), భోజనంతో పాటే కంచంలో పెట్టేస్తాను. ముందు అదే తినేస్తారు, తిననివ్వండి. మళ్లీ వేయొద్దు. దీని మీద నాతో వాదించినవాళ్లు చాలామంది ఉన్నారు, కానీ లంచం పెట్టి తినిపించిన పిల్లల్లో కూర ఇష్టంగా అడిగినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

ఇరవై నిమిషాలయ్యాక మారుమాట లేకుండా కంచం తీసేయండి. నూడుల్స్ చేయొద్దు, తర్వాతి తిండి సాయంత్రం నాలుగింటికే. ఒక పూట తక్కువ తింటే ఆరోగ్యంగా ఉన్న పిల్లకి ఏమీ కాదు. బరువు తగ్గుతున్నా, ముద్ద మింగలేక ఉక్కిరిబిక్కిరవుతున్నా, రెండు మూడు పదార్థాలు తప్ప ఏదీ ముట్టకపోతున్నా మాత్రం పిల్లల డాక్టరుకి చూపించండి.

జనవరి 1న మళ్లీ మటన్ వండుతారు కదా, మళ్లీ ఒక చెంచాడే, అదే కంచంలో, పప్పన్నం పక్కన పెట్టండి.