ల్యాండ్‌స్కేప్‌లో రంగు మందంగా వేయాలంటే

ఇన్నాళ్ళూ ల్యాండ్‌స్కేప్‌లను (ప్రకృతి దృశ్యాలను) పల్చగా, ఆచితూచి వేసిన చేతికి ఒక్కసారిగా ముద్దలు ముద్దలుగా రంగు పెట్టాలంటే (దీన్నే ఇంపాస్టో అంటారు) బెరుకుగానే ఉంటుంది. ఆ బెరుకు పోగొట్టుకోవడానికి చాలామంది బొమ్మంతా ఒకే మందంతో మెత్తేస్తారు. అప్పుడు ఆకాశం, చెట్టు, నేల అన్నీ గోడకు కొట్టిన సిమెంటులా కనిపిస్తాయి. మందం ఉన్న చోటికే చూపు పోతుంది. కాబట్టి రంగు తీసేముందే ఎక్కడ మందంగా వేయాలో, ఎక్కడ పల్చగా వదిలేయాలో తేల్చుకోండి.

నా లెక్క ఇది: దూరపు కొండలు, పొగమంచు, చెట్ల కింద నీడలు పల్చగా, ఎండ పడ్డ రాయి, నీళ్ళ మీద మెరుపు, మబ్బు అంచు, మన కాళ్ళ దగ్గరి గడ్డి మందంగా. నీడల్లో ముద్దగా పెడితే అలా లేచిన రంగు గట్ల మీద గదిలోని వెలుతురు పడి మెరుస్తుంది, లోతుగా ఉండాల్సిన చోటు కాస్తా తెల్లబారిపోతుంది.

కాన్వాస్ కన్నా గెస్సో (రంగు పట్టడానికి ముందుగా వేసే పూత) పూసిన గట్టి బోర్డు మేలు. కాన్వాస్ కదిలినప్పుడల్లా ఎండిన మందపు రంగు బీటలు వారే ప్రమాదం ఉంది.

ఆయిల్ రంగు గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది, అందుకే పైన ముందు తొక్క కడుతుంది, లోపల మెత్తగానే ఉంటుంది. అందులో నూనె ఎక్కువైతే ఆ తొక్క ముడతలు పడుతుంది. మరీ జారుగా ఉన్న రంగును కాసేపు కాగితం మీద ఉంచితే అదనపు నూనె పీల్చేసుకుంటుంది. త్వరగా ఆరాలంటే ఆల్కిడ్ మీడియం కలపండి. అక్రిలిక్‌లో నీరు ఆవిరయ్యే కొద్దీ గట్లు కాస్త కుంగుతాయి, కాబట్టి అనుకున్నదానికన్నా కొంచెం ఎత్తుగానే పెట్టాలి. మందం కోసం అక్రిలిక్‌లో కలిపే మోడలింగ్ పేస్ట్ తెల్లగా ఉంటుంది కనుక రంగు పాలిపోతుంది. రంగు నిండుగా ఉండాలంటే పారదర్శకంగా ఆరే హెవీ జెల్ నయం.

ఇక అసలు పని. రంగు మీకు కావాలనిపించినదానికన్నా చాలా ఎక్కువే కలుపుకోండి, పిసినారితనం చూపిస్తే ఇంపాస్టో రాదు. రెండు రంగులను పూర్తిగా కలపకుండా, చారలు కనిపిస్తుండగానే పాలెట్ నైఫ్ (రంగు కలపడానికి, పూయడానికి వాడే మొండి చాకు) అడుగు అంచుకు ఒక గట్టులా ఎత్తుకోండి. దాన్ని బోర్డుకు దాదాపు పడుకోబెట్టి, అదిమిపట్టకుండా ఒక్క లాగు లాగి ఎత్తేయండి. ఎండలో ఆకుపచ్చా పసుపూ ఒకే గీతలో విడివిడిగా మెరుస్తాయి. అంతే, ఇక దాన్ని ముట్టుకోవద్దు. బాగోలేదని రెండోసారి దిద్దితే రంగులు కలిసి బురదవుతాయి. దానికన్నా మొత్తం గీకేసి మళ్ళీ వేయడమే మంచిది. గీత గీతకూ నైఫ్ తుడవడం మాత్రం మానకండి.

గీత ఏ దిక్కుకు పోతుందో కూడా చూసుకోవాలి. డచ్ చిత్రకారుడు వాన్ గో 1889-90 నాటి ల్యాండ్‌స్కేపుల్లో సైప్రస్ చెట్ల గీతలు మెలికలు తిరుగుతూ పైకి ఎగబాకుతాయి, పొలాల గీతలు పైరు వాలును బట్టి పోతాయి. గడ్డి నిలువుగా, నీళ్ళు అడ్డంగా, కొండ దాని వాలు వెంబడి: ముందు ఇంతవరకు పట్టుబడితే చాలు.

మధ్యమధ్యలో దీపాన్ని పక్కనుంచి పడేలా పెట్టి బొమ్మను చూడండి, ఏ గట్టు అనవసరంగా లేచిందో వెంటనే తెలుస్తుంది. ఆయిల్ అయితే పైన ఆరినట్టున్నా లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. మామూలు వార్నిష్‌కు కనీసం 6 నెలలు, బాగా మందంగా ఉంటే ఏడాది పైనే ఆగండి. అప్పటిదాకా ఒక బొమ్మ మీద ఇంకోటి పేర్చకండి.